భర్త పోయాక మూడో వంతు: పాత ఇంగ్లండు ఆస్తి పంపకాలపై పాఠకుల ప్రశ్నలు

1500 నుంచి 1750 దాకా ఇంగ్లండులో ఆస్తులు తండ్రి నుంచి పిల్లలకు ఎలా చేరేవో గత సంచికలో రాశాం. ఉత్తరాలు చాలావరకు గుంటూరు, విజయవాడల నుంచే వచ్చాయి. అడిగినవాటిలో ఎక్కువ భర్త పోయిన ఆడవాళ్ళ గురించే కాబట్టి ఈసారి శీర్షిక మొత్తం వాళ్ళకే ఇస్తున్నాం. లెక్కలకు ఒక్కటి గుర్తుంచుకోండి: అప్పటి పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు.

ప్రశ్న: ఆస్తంతా పెద్దకొడుక్కే పోయేదని చదువుకున్నాం. మరి తల్లి, మిగతా పిల్లలు వీధిన పడాల్సిందేనా?
— ఒక గృహిణి, అరండల్‌పేట, గుంటూరు

జవాబు: పెద్దకొడుక్కే పోవాలంటే రెండు జరగాలి. అది సొంత భూమి అయి ఉండాలి, తండ్రి వీలునామా రాయకుండా పోయి ఉండాలి. అప్పుడు కూడా అందులో మూడో వంతును తల్లి బతికున్నంతకాలం అనుభవించేది. కొడుకులే లేకపోతే భూమి కూతుళ్ళందరికీ సమానంగా వెళ్ళేది, బాబాయిలకు కాదు. కెంట్ కౌంటీలో కొడుకులందరూ సమానంగా పంచుకునేవారు; అక్కడ భార్యకు మూడో వంతు కాదు, సగం వచ్చేది, మళ్ళీ పెళ్ళి చేసుకోనంతకాలం. కొన్ని ఊళ్ళలో ఆనవాయితీ ప్రకారం భూమి ఆఖరి కొడుకుది.

డబ్బు, పశువులు, ధాన్యం, సామాను, ఇన్నేళ్ళకని తీసుకున్న లీజులు చరాస్తి కిందకి వచ్చేవి. వాటి పంపకం చర్చి కోర్టుల చేతిలో ఉండేది. అక్కడ పెద్దకొడుకన్న మాటకు విలువ లేదు.

లెక్క వేసి చూద్దాం. 1680లో ఒక రైతు వీలునామా లేకుండా పోయాడనుకోండి. భార్య, ముగ్గురు పిల్లలు, 60 ఎకరాల సొంత పొలం, అప్పులు పోగా 150 పౌండ్ల చరాస్తి ఉన్నాయి. పొలం పెద్దకొడుకుది, అందులో సుమారు 20 ఎకరాలు తల్లి బతికున్నంతకాలం అనుభవించాలి. చరాస్తిలో 1670 చట్టం ప్రకారం మూడో వంతు, అంటే 50 పౌండ్లు, ఆమెకు సర్వహక్కులతో వస్తుంది. మిగిలిన 100 పిల్లలకు తలా 33 పౌండ్ల 6 షిల్లింగుల 8 పెన్నీల చొప్పున. పొలం తీసుకున్న పెద్దకొడుక్కి ఇందులోనూ పూర్తి వాటా ఉంది. తమ్ముళ్ళు, చెల్లెళ్ళు తండ్రి బతికుండగా తీసుకున్న పెద్ద మొత్తాలను లెక్కలో కలపాలి గాని, వారసత్వంగా వచ్చిన పొలాన్ని అతను చూపించనక్కర్లేదు. చిన్నవాళ్ళకు అసలు అన్యాయం జరిగింది ఇక్కడే. పిల్లలు లేకపోతే భార్యకు సగం, మిగతా సగం భర్త దగ్గరి బంధువులకు. భార్యే ముందు పోతే ఆమె చరాస్తి మొత్తం భర్తదే.

వీలునామా ఉంటే కథ వేరు. 1540 నుంచి భూమిని కూడా వీలునామాతో ఇవ్వొచ్చు. సైనిక సేవ షరతు మీద ఉన్న భూమిలో మాత్రం మూడింట రెండు వంతులే. 1660లో ఆ అడ్డూ పోయింది. 1677 నుంచి భూమి వీలునామాకు ముగ్గురు సాక్షులు తప్పనిసరి. ఇద్దరే ఉంటే ఆ కాగితం పశువులకూ పాత్రలకూ చెల్లేది, పొలానికి చెల్లేది కాదు.

ఉత్తరాన యార్క్ ప్రాంతంలో, లండన్ నగర పౌరుల్లో పాత ఆచారం ఒకటుండేది: చరాస్తిలో మూడో వంతు భార్యకు, మూడో వంతు పిల్లలకు, మిగతా మూడో వంతు మాత్రమే చనిపోయేవాడి ఇష్టం. యార్క్ ప్రాంతంలో చాలావరకు 1692లో, లండన్‌లో 1725లో దీన్ని తీసేశారు. అప్పటినుంచి భర్త తలుచుకుంటే చరాస్తి మొత్తం పరాయివాళ్ళకు రాసెయ్యొచ్చు. కాలం గడిచేకొద్దీ ఆడవాళ్ళ స్థితి మెరుగైందని చాలామంది అనుకుంటారు. ఈ విషయంలో మాత్రం దిగజారింది.

ప్రశ్న: భూమిలో మూడో వంతును కొలిచి ఇచ్చేవారా? ఇవ్వకపోతే ఏం చేసేది?
— న్యాయశాస్త్ర విద్యార్థి, విజయవాడ

జవాబు: కొలిచే ఇచ్చేవారు. ఈ హక్కు పేరు డవర్. భర్త పోయాక 40 రోజులు ఆమెను ఇల్లు కదిలించకూడదని, ఆలోపే వాటా చూపించాలని 1215 నాటి మాగ్నా కార్టాలోనే ఉంది. చూపించడమంటే ఈ చేను, ఈ పచ్చిక బీడు, ఈ గదులు అని హద్దులు పెట్టి అప్పగించడం. హద్దు పెట్టలేని ఆస్తికి వేరే పద్ధతి ఉండేది. పిండిమర అయితే మూడు నెలలకు ఒక నెల మర ఆమె చేతికి వస్తుంది, లేదా కూలి కింద తీసే ధాన్యంలో మూడో కొలత ఆమెది.

వారసుడు మొండికేస్తే ఆమె రాజు కోర్టులో రిట్ వెయ్యాలి. గెలిస్తే షెరీఫ్ (కౌంటీలో రాజు తరఫు అధికారి) వచ్చి హద్దులు వేస్తాడు. భర్త చనిపోయేనాటికి ఆ భూమి అతని చేతిలోనే ఉంటే, ఆలస్యానికి నష్టపరిహారం కూడా వచ్చేది. 1235 చట్టం ఇచ్చిన వరం అది. డవర్ పొలంలో తను వేసిన పంటను వీలునామాతో ఎవరికైనా ఇచ్చుకునే హక్కూ ఆ చట్టంలోనిదే. అనుభవానికి హద్దులున్నాయి. పొయ్యిలోకి, కంచె బాగుకు కట్టెలు కొట్టుకోవచ్చు. కలప చెట్లు నరికి అమ్మితే, 1278 చట్టం కింద మూడింతల నష్టపరిహారం కట్టి, పాడుచేసిన చోటును వదులుకోవాలి.

డవర్‌కు అసలు బలం ఎక్కడుందంటే, కాపురం చేసిన కాలంలో భర్త చేతిలో ఒక్కరోజు సొంతంగా ఉన్న భూమికీ ఇది వర్తిస్తుంది, అతను తర్వాత అమ్మేసినా సరే. అందుకే తెలివైన కొనుగోలుదారు భార్య ఒప్పుకోలు లేకుండా డబ్బు కట్టడు. ఆమె కోర్టుకొచ్చి, భర్త పక్కన లేకుండా న్యాయమూర్తి అడిగితే, ఇష్టపూర్వకంగానే వదులుకుంటున్నానని చెప్పాలి. ఈ తతంగం జరగని కొనుగోళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత కూడా తగాదాల్లో పడేవి.

బలహీనత కూడా చెప్పాలి. భూమిని ట్రస్టీల పేర పెట్టి, ఆదాయం మాత్రం భర్త తింటూ ఉంటే డవర్ లేదు. భర్త రాజద్రోహి అని తేలితే లేదు. ఆమె పరపురుషుడితో వెళ్ళిపోయి, భర్త తిరిగి రానివ్వకపోతే లేదు. మళ్ళీ పెళ్ళి చేసుకుంటే మాత్రం పోదు.

ప్రశ్న: మన కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద పొలం రాస్తారు. అక్కడ కట్నం ఇచ్చినవాళ్ళు ఎదురు ఏం రాయించుకునేవారు?
— బ్యాంకు రిటైర్డ్ ఉద్యోగి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: జాయించర్ రాయించుకునేవారు. ఆస్తిపరుల ఇళ్ళలో భర్త పోయిన ఆడదాన్ని నిలబెట్టింది చట్టమిచ్చిన మూడో వంతు కాదు, పెళ్ళికి ముందు పెద్దలు కూర్చుని రాసుకున్న ఈ దస్తావేజే. అందుకని కాస్త వివరంగా చెబుతాం.

పిల్ల తండ్రి రొక్కం ఇస్తాడు, చాలాసార్లు వాయిదాల్లో. పిల్లాడి తండ్రి ఫలానా భూములను, లేదా భూమి మీద ఏటా ఇంత సొమ్మును, "నా కొడుకు పోతే కోడలు బతికున్నంతకాలం" అని రాసిస్తాడు. పిల్ల తరఫు లాయరు ముందుగా అవతలివాళ్ళ కౌలు జాబితా తెప్పించుకోవాలి. ఏ పొలానికి ఎంత కౌలు, ఏది తాకట్టులో ఉంది, ఏది ఇప్పటికే అత్తగారి జాయించర్ కింద ఉంది అన్నవన్నీ చూడాలి. తాతగారి భార్య, తండ్రి భార్య ఇద్దరూ వితంతువులై బతికున్న ఎస్టేటులో కుర్ర వారసుడి చేతికి మిగిలేది కొద్దే. కొత్త కోడలికి రాయడానికి ఖాళీ పొలం దొరకడమే కష్టం.

ధర మాటకొస్తే, 16వ శతాబ్దంలో 100 పౌండ్ల కట్నానికి ఏటా 20 పౌండ్ల దాకా జాయించర్ పలికేది. 17వ శతాబ్దం చివరికి అది 10కి పడింది. 1,000 పౌండ్లు ఇచ్చిన తండ్రికి కూతురి పేర ఏటా 100 మాత్రమే దక్కేదన్నమాట, అదీ అల్లుడు ముందు పోతేనే. ఆమె పదేళ్ళు బతికితే అసలు తిరిగొచ్చినట్టు. ఆమే ముందు పోతే కట్నం మొత్తం మగపెళ్ళివారిదే. వడ్డీలూ ఆ కాలంలోనే పడ్డాయి కాబట్టి రొక్కానికి వచ్చే ఏటి సొమ్ము కొంత తగ్గడం సహజమే: చట్టం ఒప్పుకున్న గరిష్ఠ వడ్డీ 1571లో నూటికి 10, 1624లో 8, 1714కల్లా 5. అయినా నష్టపోయింది ఆడపిల్ల వైపువాళ్ళేనన్నది కాదనలేం.

డవర్‌ను తోసిపుచ్చాలంటే జాయించర్ ఎలా ఉండాలో 1536 చట్టం, దాని మీద వచ్చిన తీర్పులు చెప్పాయి. భర్త పోయిన క్షణం నుంచే అమలు కావాలి. కనీసం ఆమె ఆయుష్షు ఉన్నంతకాలం ఉండాలి. డవర్ మొత్తానికి బదులుగా అని స్పష్టం కావాలి. పెళ్ళికి ముందే రాయాలి. ఎక్కువమంది పొరబడేది ఆఖరిదాని దగ్గరే. పెళ్ళయ్యాక రాస్తే, భర్త పోయాక ఆమె రెండూ పక్కపక్కన పెట్టుకుని లాభమైనది ఎంచుకోవచ్చు. జాయించర్ భూమి మీద వేరెవరో హక్కు గెలిచి పట్టుకుపోతే, పోయిన మేరకు మిగతా భూముల్లో డవర్ అడగొచ్చు.

మూడో వంతు కంటే చిన్నదైనా ఆడపిల్లల తండ్రులు జాయించర్‌కే ఎందుకు మొగ్గారంటే, అది ఖాయం. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు, భర్త పోయిన మర్నాడే పొలంలో అడుగుపెట్టొచ్చు. భర్త రాజద్రోహంలో ఇరుక్కున్నా అది పోదు. భూమి మీద ఏటా సొమ్ముగా రాయించుకున్నచోట, వాయిదా తప్పితే ఆ పొలంలోని పశువులను జప్తు చేసే అధికారం దస్తావేజులోనే ఉండేది. ఆ వాక్యం మరిచిపోతే బకాయిల కోసం ఏళ్ళ తరబడి తిరగాలి.

కంబర్లండ్ ఎర్ల్ జార్జ్ క్లిఫర్డ్ 1605లో పోతూ ఎస్టేటు తమ్ముడికి, 15 ఏళ్ళ కూతురు ఆన్‌కు 15,000 పౌండ్లు రాశాడు. ఆ భూములు ఆడ సంతానానికీ దక్కాల్సినవని తల్లి మార్గరెట్ వ్యాజ్యం మొదలుపెట్టింది. అంత పోరు నడిపిన కాలంలో ఆమెకు కాళ్ళ కింద నేల వెస్ట్‌మోర్‌లాండ్‌లోని జాయించర్ భూములే. అవి ఆమె బతికున్నంతకాలం ఎవరూ కదపలేనివి. 1616లో ఆమె పోయింది. మరుసటేడు రాజు జేమ్స్ తీర్పు ఆన్‌కు వ్యతిరేకంగా వచ్చింది. చివరికి 1643లో బాబాయి కొడుకు మగ సంతానం లేకుండా పోయాకే ఆస్తి ఆన్‌కు దక్కింది. తల్లిని ఆఖరిసారి సాగనంపిన చోట, బ్రౌమ్ కోట దగ్గర దారి పక్కన, 1656లో ఆమె ఒక రాతి స్తంభం నిలబెట్టింది. దాని పక్కనున్న రాతి బల్ల మీద ఏటా ఏప్రిల్ 2న ఆ ఊరి పేదలకు 4 పౌండ్లు పంచాలని ఏర్పాటు చేసింది.

ప్రశ్న: పుట్టింటివాళ్ళు పెట్టిన నగలు ఎవరివి?
— ఒక పాఠకురాలు, గవర్నర్‌పేట, విజయవాడ

జవాబు: పెళ్ళైన నిమిషం నుంచి భర్తవి. ఆమె చేతి డబ్బు, సామాను కూడా అంతే. ఆమె అంతస్తుకు తగ్గ బట్టలు, నగలకు మాత్రం చిన్న రక్షణ ఉంది: అతను బతికుండగా అమ్మగలడు గాని, వీలునామాతో ఇంకొకరికి ఇవ్వలేడు. అతని అప్పులు మిగిలితే నగలు పోతాయి, కట్టుబట్టలు పోవు. నిజంగా ఆమెకే ఉండాలంటే పుట్టింటివాళ్ళు పెళ్ళికి ముందే ట్రస్టీల పేర "ఆమె ప్రత్యేక వినియోగానికి" అని పెట్టాలి. చాన్సరీ కోర్టు దాన్ని కాపాడేది. లాయరు ఖర్చు భరించగల ఇళ్ళకే అది సాధ్యం. మిగతా ఆడవాళ్ళు 1882 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది.

ప్రశ్న: ఎస్టేట్లు తరతరాలు అమ్ముడుపోకుండా ఎలా కట్టడి చేశారు?
— చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు

జవాబు: 17వ శతాబ్దం నడుమ దస్తావేజుల నిపుణులు ఒక ఏర్పాటు కనిపెట్టారు. ఓర్లాండో బ్రిడ్జ్‌మన్ అనే లాయరు పేరు దానితో ముడిపడి ఉంది. పెళ్ళినాడు వరుడికి జీవితానుభవం, అంటే బతికున్నంతకాలం అనుభవించే హక్కు మాత్రమే రాస్తారు. అతని తర్వాత ఇంకా పుట్టని పెద్దకొడుక్కి. పుట్టని బిడ్డ హక్కును తండ్రి మధ్యలో చెరిపెయ్యకుండా ట్రస్టీలను నడుమ నిలబెడతారు. భార్యకు జాయించర్, చిన్నపిల్లలకు ఇంతింత అని అదే దస్తావేజులో ఉంటాయి. ఆ సొమ్ము పుట్టడానికి ట్రస్టీలకు 500 ఏళ్ళ లీజులాంటిది రాసి, దాన్ని తాకట్టు పెట్టి డబ్బు తెచ్చే అధికారం ఇస్తారు.

కొడుక్కి 21 నిండితే తండ్రీకొడుకులు కలిసి ఈ ముడి విప్పొచ్చు. తండ్రి అప్పుడే ఏటా ఇంత ఖర్చులకు ఇస్తానని కొడుకును ఒప్పించి, అతన్నీ జీవితానుభవానికి దించి, ముడిని ఇంకో తరానికి వేస్తాడు. తండ్రి ముందే చనిపోతే గొలుసు తెగినట్టే. చాలా ఎస్టేట్లు అమ్మకానికి వచ్చింది అలాగే.

ప్రశ్న: ఇవన్నీ దొరల సంగతులు. మామూలు రైతు భార్య గతి ఏమిటి?
— ఒక రైతు, గుంటూరు

జవాబు: న్యాయమైన ప్రశ్న. మామూలు రైతుల్లో చాలామంది భూమి మేనర్ అనే ఎస్టేటు దొర కింద, ఆ మేనర్ కోర్టు చిట్టాలో ఎక్కిన ఆనవాయితీ భూమి. దానికి డవర్ లేదు, ఊరి ఆచారమే చట్టం. ఒక ఊళ్ళో భార్యకు మూడో వంతు, పక్క ఊళ్ళో సగం, ఇంకో ఊళ్ళో మొత్తం. మళ్ళీ పెళ్ళాడితే చాలాచోట్ల పోయేది. భర్త పోగానే మందలో మేలైన పశువును దొరకు ఇచ్చుకునే ఆచారమూ చాలా ఊళ్ళలో ఉండేది.

వీలునామా రాసిన రైతులు తరచుగా భార్యనే అమలు చేసే బాధ్యురాలిగా పెట్టేవారు. అది అధికారమూ, అపాయమూ. కనీసం ఇద్దరు మనుషుల చేత సామాను జాబితా రాయించాలి: పరుపు, ఇత్తడి బిందెలు, ఆవులు, కొట్లో ధాన్యం, రావాల్సిన బాకీలు. చర్చి కోర్టులో వీలునామా రుజువు చెయ్యాలి. 1529 చట్టం ప్రకారం రుసుము, ఆస్తి 5 పౌండ్ల లోపైతే రాతగాడికి 6 పెన్నీలే. 40 పౌండ్ల దాకా 3 షిల్లింగుల 6 పెన్నీలు. ఆపైన 5 షిల్లింగులు.

తర్వాత అప్పులు. వరస తప్పకూడదు: అంత్యక్రియలు, రాజుకు బాకీలు, కోర్టు తీర్పులు, బాండ్లు, ఆపైనే చేబదుళ్ళు, అంగడి బాకీలు. వీలునామాలో పిల్లలకు రాసినవి చిట్టచివర. జాలిపడి ముందే అంగడి బాకీ తీర్చిందనుకోండి, బాండు పట్టుకుని వచ్చినవాడికి ఆస్తి చాలకపోతే తన సొంత సొమ్ముతో కట్టాలి.

కొడుకు దగ్గర ఉండాల్సిన తల్లికి వీలునామాలో కొలతలు రాయడం మంచి అలవాటు: పొయ్యి గది పక్క గది, పొయ్యి దగ్గరికీ బావి దగ్గరికీ రాకపోకల హక్కు, ఒక ఆవుకు మేత, ఏటా ఇన్ని బుషెళ్ళ గోధుమలు, ఇన్ని బండ్ల కట్టెలు. బుషెల్ అంటే సుమారు 35 లీటర్ల కొలత. "నా కొడుకు తల్లిని చూసుకోవాలి" అని ఊరుకున్న వీలునామాలు తగాదాల పాలయ్యాయి. ముందుచూపున్నవాళ్ళు, కోడలితో పొసగకపోతే ఏటా ఇన్ని షిల్లింగులు ఇచ్చి వేరే ఉంచాలని కూడా రాశారు. ఏమీ లేనివాళ్ళకు 1601 చట్టం కింద పారిష్ (చర్చి పరిధిలోని ఊరి యంత్రాంగం) వారానికి కొన్ని పెన్నీలు ఇచ్చేది, పోషించగల పిల్లలుంటే ముందు వాళ్ళను అడిగాకే.

ప్రశ్న: షేక్‌స్పియర్ భార్యకు మంచం ఒక్కటే రాశాడట. అంత నిర్దయా?
— ఇంగ్లీషు లెక్చరర్, విజయవాడ

జవాబు: 1616 మార్చి 25 నాటి వీలునామాలో భార్య ఆన్ పేరిట ఉన్నది రెండో మేలైన మంచం, దాని పరుపు దుప్పట్లతో సహా. స్ట్రాట్‌ఫర్డ్‌లోని సొంత ఇళ్ళు, పొలాల్లో ఆమె డవర్ వీలునామాలో రాయకపోయినా వస్తుంది. 1613లో కొన్న లండన్ ఇంటిని మాత్రం మరో ముగ్గురి పేర్లు కలిపి తీసుకున్నాడు. దానివల్ల ఆ ఇంట్లో డవర్ పుట్టదు. మాకు మంచం కంటే ముఖ్యంగా కనిపించేది, అమలు బాధ్యత, మిగులు ఆస్తి భార్యకు కాకుండా పెద్దకూతురు సుసానాకు, అల్లుడికి ఇవ్వడం. చిన్నకూతురు జూడిత్ సొమ్ములో 150 పౌండ్లను, ఆమె భర్త అంతకు సరిపడే భూమి ఆమెకు రాసిస్తేనే అతని చేతికి ఇమ్మన్నాడు. ఆ షరతు ఏ జాగ్రత్తపరుడైన తండ్రైనా పెట్టేదే.

ప్రశ్న: మన హిందూ వితంతువుకు ఒకప్పుడున్న పరిమిత హక్కు ఈ డవర్ నుంచే వచ్చిందా?
— న్యాయవాది, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కాదు. మూలం మన ధర్మశాస్త్రాల్లోనే ఉంది, నిర్మాణం కూడా వేరు. డవర్ పొలంలో మిగులు హక్కు మొదటి రోజు నుంచే వారసుడిది. అతను దాన్ని అమ్ముకోవచ్చు కూడా. మన పాత పద్ధతిలో భర్త ఆస్తికి వారసురాలైన వితంతువు బతికున్నంతవరకు ఆ ఎస్టేటు మొత్తానికి ఆమే ప్రతినిధి. కుటుంబ అవసరం నిజంగా ఉంటే అమ్మగలదు. వెనక రాబోయే వారసులకు అప్పటిదాకా ఉన్నది ఆశ మాత్రమే. 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షను ఆ పరిమితిని తీసేసింది. మనోవర్తి కింద ఇచ్చిన ఆస్తి కూడా సంపూర్ణ హక్కు అవుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ప్రశ్న: ఆ కాలపు వీలునామాలు ఇక్కడ కూర్చుని చదవగలమా?
— ఎం.ఏ. చరిత్ర విద్యార్థిని, నాగార్జున విశ్వవిద్యాలయం

జవాబు: చదవొచ్చు. కాంటర్‌బరీ ప్రిరోగేటివ్ కోర్టు అనే పెద్ద చర్చి కోర్టు నమోదు చేసిన వీలునామాలు 1858 దాకా బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్ వెబ్‌సైటులో ప్రోబ్ 11 అనే వరసలో ఉన్నాయి. పేరుతో దొరక్కపోతే ఊరితో వెతకండి, పేర్ల స్పెల్లింగులు నిలకడగా ఉండవు. వీలునామా ఇంగ్లీషులో, కింద కోర్టు రాసిన రుజువు భాగం 1733 దాకా ఎక్కువగా లాటిన్‌లో ఉంటుంది. అంకెలు రోమన్‌వి, చివరి ఒకటిని తోకతో జె అక్షరంలా రాస్తారు. 1752కు ముందు సంవత్సరం మార్చి 25న మారేది. కాబట్టి "1649 ఫిబ్రవరి" అని ఉంటే మన లెక్కలో అది 1650. ఈ ఒక్క తేడా పట్టించుకోక, చనిపోకముందే సామాను జాబితా రాశారని తికమకపడేవాళ్ళున్నారు.

జాబితా చివర ఉన్న మొత్తాన్ని బట్టి ఆ కుటుంబం స్థాయి తేల్చకండి. సొంత భూమి అందులో ఉండదు, చనిపోయినవాడు ఇవ్వాల్సిన అప్పులు చాలాసార్లు తీసివెయ్యరు. భూమి కోసం మేనర్ కోర్టు చిట్టాలు, అప్పుల కోసం ఆ భార్య తర్వాత చర్చి కోర్టుకు ఇచ్చిన జమాఖర్చులు చూడాలి; అవి ఆయా కౌంటీల రికార్డు ఆఫీసుల్లో ఉంటాయి.